మన ఆచూకీ ఎవరి సొత్తు?

ఆడది గడప దాటితే మూడు ప్రశ్నలు ఆమె వెంటపడతాయి. ఎక్కడికి? ఎవరితో? ఎప్పుడొస్తావు? తండ్రి అడుగుతాడు, అన్న అడుగుతాడు, భర్త అడుగుతాడు, అత్తగారు అడుగుతుంది, హాస్టలు వార్డెను రిజిస్టరులో రాయించుకుంటుంది. మగవాడిని ఇవే ప్రశ్నలు అడిగితే అది కుశలం, ఆడదాన్ని అడిగితే అది తనిఖీ. స్త్రీల ఉద్యమం మొదలైన నాటి నుంచీ మనం ఈ తనిఖీతోనే పోట్లాడుతున్నాం. మీటింగుకు రావాలంటే ఇంట్లో ఏం చెప్పి బయటపడాలన్నది మన సంఘాల్లో ఇప్పటికీ చాలామందికి మొదటి సమస్య.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు ఆమెను అడగకుండానే జవాబు దొరుకుతోంది. ఆమె చేతిసంచిలో ఉన్న సెల్‌ఫోను ఆమె ఎక్కడున్నదీ చెబుతూనే ఉంటుంది. ఎవరికి చెబుతుంది? ఎవరి అనుమతితో చెబుతుంది? విన్నవాళ్లు ఏం చేస్తారు? ఈ ప్రశ్నలు మన సభల్లో ఇంకా గట్టిగా వినబడటం లేదు. పైగా స్త్రీల రక్షణ కోసం ఈ ఏర్పాటును ఇంకా బిగించమని అడిగేవాళ్లు స్త్రీల సంఘాల్లోనే ఉన్నారు. రక్షణకూ నిఘాకూ ఉన్న తేడాను మనమే చెరిపేస్తే, దాన్ని తిరిగి గీసిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

ఫోను ఏం చెబుతుంది?

ఇది ఎలా జరుగుతుందో ముందు తెలుసుకోవాలి. సాంకేతిక విషయం కదా అని ఇంజనీర్లకు వదిలేస్తే, మన మీద సాగే పెత్తనాన్ని కూడా వాళ్లకే వదిలేసినట్టవుతుంది.

సెల్‌ఫోను పనిచేయాలంటే అది ఎక్కడుందో కంపెనీకి తెలియాలి. మీకు ఎవరో ఫోను చేశారనుకోండి. దేశంలోని టవర్లన్నిటి నుంచీ మీ నంబరును పిలవలేరు కదా! అందుకని మీ ఫోను ఆన్‌లో ఉన్నంతకాలం దగ్గర్లోని టవర్లతో సంకేతాలు ఇచ్చిపుచ్చుకుంటుంది. ఒక ప్రాంతం దాటి ఇంకో ప్రాంతంలోకి వెళ్లగానే 'ఇక్కడికి వచ్చాను' అని నెట్‌వర్కుకు తెలియజేస్తుంది. కదలకుండా ఒకేచోట ఉన్నా అప్పుడప్పుడూ హాజరు వేయించుకుంటుంది. ఇందుకు మీరు ఎవరితోనూ మాట్లాడక్కరలేదు, ఏ మీటా నొక్కక్కరలేదు.

ఇక మీరు మాట్లాడినప్పుడు, ఆ మాట ఏ టవరు ద్వారా, టవరు మీది ఏ దిక్కు యాంటెన్నా ద్వారా మొదలైందో, ఏ టవరు దగ్గర ముగిసిందో నమోదవుతుంది. మెసేజీలకూ, ఇంటర్నెట్టు వాడకానికీ ఇలాంటి నమోదే ఉంటుంది. నగరంలో టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి మీరున్న చోటు కొన్ని వందల మీటర్ల తేడాతో తెలిసిపోతుంది. పల్లెల్లో ఆ తేడా కిలోమీటర్లలో ఉంటుంది. రెండు మూడు టవర్లకు అందే సంకేతాలను పోల్చి చూస్తే ఇంకా దగ్గరగా పట్టుకోవచ్చు. ఫోనులో 'లొకేషన్' ఆపేశాం కాబట్టి మన జాడ ఎవరికీ తెలియదనుకోవడం భ్రమ. అది ఆపితే ఫోనులోని జీపీఎస్ ఆగుతుంది గానీ టవరుకు పోయే కబురు ఆగదు. సిమ్ము మార్చినా లాభం లేదు. ప్రతి ఫోనుకూ సొంత నంబరు ఒకటుంటుంది, సిమ్ముతోపాటు అదీ నమోదవుతుంది.

ఈ చిట్టానే కాల్ డీటెయిల్ రికార్డు అంటారు. పోలీసుల నోట సీడీఆర్. ఇందులో మన మాటలుండవు. ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడి నుంచి మాట్లాడామన్నది మాత్రం ఉంటుంది. మన దేశంలో కంపెనీలు ఈ రికార్డులను కనీసం రెండేళ్లు దాచి ఉంచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు షరతు మార్చింది. అంతకుముందు అది ఏడాదే.

మాటలు లేని చిట్టాతో ఏం ముంచుకొస్తుంది అనేవాళ్లున్నారు. జర్మనీలో గ్రీన్ పార్టీ నాయకుడు మాల్టె స్పిట్జ్ తన గురించి డాయిష్ టెలికాం కంపెనీ దాచిన రికార్డును ఇవ్వమని కోర్టుకెక్కాడు. 2009 ఆగస్టు చివరి నుంచి 2010 ఫిబ్రవరి దాకా, ఆరు నెలలకు 35,000కు పైగా నమోదులు చేతికొచ్చాయి. 2011లో ఒక జర్మన్ పత్రిక వాటిని మ్యాపు మీద పరిచి చూపిస్తే అతను ఏ ఊళ్లో పడుకున్నదీ, ఏ రైలు మార్గంలో వెళ్లిందీ, ఏ సభలో కూర్చున్నదీ అంతా కనబడింది. ఒక్క మాటా వినకుండానే ఒక మనిషి బతుకు చదివేయొచ్చని తేలింది.

ఇప్పుడు అతని స్థానంలో ఒక స్త్రీని పెట్టి చూడండి. మూడు రోజులు వరసగా ఒక ఆసుపత్రి పక్క టవరు కింద ఉంది. ఆ ఆసుపత్రిలో గర్భస్రావాలు చేస్తారు. ప్రతి గురువారం సాయంత్రం ఒక లాయరు ఆఫీసు ఉన్న వీధిలో గంట గడుపుతోంది. ఒక రాత్రి ఇంట్లో లేదు, ఊరి చివర ఉన్న షెల్టరు హోము దగ్గర ఉంది. ఆమె ఎవరికీ చెప్పని ఈ సంగతులన్నీ ఆమె ఫోను చెప్పేసింది. ఆ సమాచారం భర్త చేతిలో పడితే ఏమవుతుందో మన కౌన్సెలింగు కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు చెప్పనక్కరలేదు.

రక్షణ పేరుతో

స్త్రీలను రక్షించడానికే ఇదంతా అని ప్రభుత్వాలు చెబుతాయి. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన అత్యాచారం తర్వాత దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. మనం అడిగింది కేసు పెడితే రాసుకునే పోలీసు స్టేషనును, త్వరగా తేలే విచారణను, వెలుతురున్న వీధిని, రాత్రిపూట నడిచే బస్సును. మనకు దొరికినవాటిలో ఒకటి 2016లో టెలికాం శాఖ చేసిన నిబంధన. 2017 జనవరి 1 నుంచి అమ్మే ప్రతి ఫోనులో ఆపద మీట ఉండాలి, 2018 జనవరి 1 నుంచి జీపీఎస్ ఉండాలి. కారణం స్త్రీల భద్రత అన్నారు. హైదరాబాదు పోలీసులు 2014లోనే హాక్ ఐ యాప్ తెచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ యాప్ వచ్చింది, ప్రభుత్వం మారాక 2025 మార్చిలో శక్తి యాప్ వచ్చింది. తెలంగాణలో 2024లో టీ-సేఫ్ వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా యాప్ పేరు మారుతోంది.

ఈ ఆలోచన చివరికి ఎక్కడికి చేరుతుందో 2021 జనవరిలో మధ్యప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ దాచుకోకుండా చెప్పారు. పనికోసం ఇల్లు దాటే ప్రతి స్త్రీ స్థానిక పోలీసు స్టేషనులో పేరు నమోదు చేయించుకునే ఏర్పాటు చేస్తామని, భద్రత కోసం ఆమె జాడ కనిపెట్టుకుని ఉంటామని అన్నారు. నేరం చేసేది ఎవరు? పేరు రాయించుకోవాల్సింది ఎవరు? వలస పాలనలో కొన్ని తెగల మీద 'నేరస్థ జాతులు' అని ముద్రవేసి, స్టేషనులో హాజరు వేయించుకోమన్న చట్టం ఈ దేశంలో ఉండేది. ఆ హాజరు పుస్తకాన్ని ఉద్యోగానికి వెళ్లే ఆడవాళ్ల ముందు తెరుస్తామంటున్నారు, అదీ మన మేలు కోసమేనట!

సాంకేతికత లేకపోవడం వల్లే స్త్రీలు చనిపోతున్నారా? 2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిని అత్యాచారం చేసి చంపేశారు. ఆమె దగ్గర ఫోనుంది, చెల్లెలితో మాట్లాడింది. టవర్లున్నాయి, హాక్ ఐ వచ్చి అయిదేళ్లయింది. లేనిదల్లా కుటుంబం స్టేషనుకు వెళ్లగానే కదిలే పోలీసు. మా పరిధి కాదని ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకు తిప్పారు. జాప్యం చేశారని ముగ్గురు పోలీసులను తర్వాత సస్పెండ్ చేశారు. ఆ వైఫల్యం నుంచి ప్రజల దృష్టి మళ్లేలా డిసెంబరు 6న నలుగురు నిందితులను కాల్చి చంపారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది, ఆ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. ఈ మొత్తంలో పోలీసు స్టేషను పనితీరు మార్చే మాట వెనక్కి పోయింది. ముందుకొచ్చింది యాప్.

అసలు వినియోగదారులు

మన జాడ ఎవరి చేతికి పోతోందో చూద్దాం. మొదటి వరసలో ఉండేది కుటుంబం.

కులం కాని కులం కుర్రాడితో మేజరు అయిన అమ్మాయి ఇల్లు వదిలి వెళ్లిపోతే ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. తండ్రి స్టేషనుకు పోయి తప్పిపోయిందనో, కిడ్నాపు చేశారనో ఫిర్యాదు ఇస్తాడు. పలుకుబడి ఉన్న తండ్రి అయితే టవర్ లొకేషన్ తీయడానికి పూట కూడా పట్టదు. ఆ అమ్మాయిని ఏ ఊరి లాడ్జి నుంచో తీసుకొచ్చి 'పెద్దల సమక్షంలో' తండ్రికి అప్పగిస్తారు. అదే ఒక దళిత కూలి కూతురు కనబడకపోతే 'ఎవడితోనో పోయుంటుంది, రెండ్రోజులు చూడు' అంటారు. రెండు కేసుల్లోనూ టవరు ఒకటే, తేడా అంతా దాన్ని తిప్పించే పలుకుబడిలో ఉంది. కులాంతర వివాహం చేసుకున్న జంటలకు పోలీసులే రక్షణ ఇవ్వాలని, అవసరమైతే సురక్షిత గృహాలు ఏర్పాటు చేయాలని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జంటను కాపాడాల్సిన యంత్రాంగమే వాళ్లు దాక్కున్న చోటును ఇంటివాళ్లకు చెబితే, దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

కుటుంబం, రాజ్యం కలిస్తే ఎలా ఉంటుందో గుజరాత్ ఉదంతం చూపించింది. 2009లో ఒక యువతిని గుజరాత్ పోలీసు యంత్రాంగం వారాల తరబడి వెంటాడిందని, ఆమె ఫోన్ల మీద, రాకపోకల మీద నిఘా పెట్టిందని 2013 నవంబరులో కోబ్రాపోస్ట్, గులైల్ అనే రెండు వార్తా సంస్థలు ఆరోపించాయి. ఒక పోలీసు అధికారికీ అప్పటి హోం శాఖ సహాయమంత్రికీ మధ్య జరిగినవని చెబుతూ సంభాషణల టేపులు బయటపెట్టాయి. దానికి వచ్చిన సమాధానం ఏమిటి? తన కూతుర్ని చూసుకోమని తానే కోరానని తండ్రి చెప్పాడు. విచారణ కమిషన్ వేయాలని 2013 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది గానీ అది ఏర్పడనే లేదు. రాష్ట్రం వేసిన కమిషన్‌ను తండ్రి పిటిషను మీద 2014లో గుజరాత్ హైకోర్టు కొట్టేసింది. ఆ టేపుల్లో నిజమెంతో ఏ విచారణా తేల్చలేదు. కానీ సమర్థించుకున్న తీరు చూడండి. చదువుకుని ఉద్యోగం చేస్తున్న ఒక మేజరు స్త్రీ కదలికల మీద నిఘాకు తండ్రి కోరిక చాలునన్నారు. ఆమె అనుమతి ఉందా అన్న ప్రశ్నే ఎక్కువమందికి తట్టలేదు.

పలుకుబడి లేనివాళ్లకు డబ్బుంటే చాలు. ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న అరుణ్ జైట్లీ కాల్ రికార్డులు అక్రమంగా బయటికెళ్లాయని 2013లో ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, ప్రైవేటు డిటెక్టివ్‌లను, సొంత శాఖ మనిషిని కూడా అరెస్టు చేశారు. 2018 మొదట్లో మహారాష్ట్రలోని థానే పోలీసులు ఇదే వ్యాపారం చేస్తున్నారంటూ మరికొందరు డిటెక్టివ్‌లను పట్టుకున్నారు. పార్లమెంటులో ప్రతిపక్ష నాయకుడి రికార్డుకే దిక్కులేనప్పుడు, భర్త మీద గృహహింస కేసు పెట్టిన స్త్రీ రికార్డుకు దిక్కెవరు? అనుమానపు మొగుళ్లు లేకపోతే ఈ డిటెక్టివ్‌లకు సగం గిరాకీ ఉండదు.

కంపెనీలే అమ్ముకున్న దేశాలూ ఉన్నాయి. అమెరికాలో నాలుగు పెద్ద ఫోను కంపెనీలు తమ చందాదారుల జాడను దళారులకు అమ్మాయి. దళారుల నుంచి అది ఎవరెవరికో చేరింది. మిస్సోరీ రాష్ట్రంలో ఒక షెరీఫు కోర్టు వారంటు లేకుండా మనుషుల జాడ తీస్తూ వచ్చాడని 2018లో బయటపడింది. 2019లో ఒక విలేకరి 300 డాలర్లిచ్చి ఒక ఫోను ఎక్కడుందో కనుక్కోగలిగాడు. అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ 2024 ఏప్రిల్‌లో ఈ నాలుగు కంపెనీలకు కలిపి దాదాపు 20 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2025లో ఒక కోర్టు జరిమానా కొట్టేస్తే రెండు కోర్టులు సమర్థించాయి. పోగేసిన సమాచారం ఏదో ఒకనాడు అంగడికి వస్తుందన్నదే మనం ఇందులో చూడాల్సింది.

రాజ్యానికైతే ఒక్కొక్కరి జాడ సరిపోదు, అందరిదీ కావాలి. 2020 ఫిబ్రవరిలో ఫోను కంపెనీల సంఘం టెలికాం శాఖకు ఒక లేఖ రాసింది. కొన్ని సర్కిళ్లలో నిర్ణీత తేదీలకు చందాదారులందరి కాల్ రికార్డులూ ఇమ్మని శాఖ అడుగుతోందని, కారణం చెప్పడం లేదని ఆ లేఖలో అభ్యంతరం తెలిపింది. ఆ సర్కిళ్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్ సర్కిలు అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ. ఢిల్లీలో అడిగినవి ఫిబ్రవరి 2, 3, 4 తేదీల రికార్డులు. షాహీన్ బాగ్‌లో ముస్లిం స్త్రీలు పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా రోడ్డు మీద కూర్చున్న రోజులవి, అసెంబ్లీ ఎన్నికల ప్రచారం జరుగుతున్న రోజులవి. కాల్స్ తెగిపోతున్నాయన్న ఫిర్యాదులు పరిశీలించడానికే అడిగామని, పేర్లు చూడమని ప్రభుత్వం సంజాయిషీ ఇచ్చింది. ఆ సంజాయిషీని నమ్మినా, అంతమంది చిట్టా ఒక్క లేఖతో అడగగలరన్న సంగతి మిగిలే ఉంటుంది.

చట్టం ఎవరి వైపు?

2013లో స్త్రీల ఉద్యమం ఒత్తిడి వల్ల వెంబడించడం నేరమైంది. అది ఐపీసీలో 354-డి, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. స్త్రీ ఇంటర్నెట్టు, ఈమెయిలు తదితర ఎలక్ట్రానిక్ సంభాషణలను కనిపెట్టి చూడటం కూడా అందులో నేరమే. ఫోను టవరు జాడ అన్న మాట మాత్రం అందులో లేదు. నేరాలను అరికట్టే బాధ్యతను రాజ్యం ఎవరికి అప్పగించిందో వాళ్లకు మినహాయింపు ఉంది. వీధి పోకిరీ వెంటపడితే నేరం, యూనిఫారం వేసుకున్నవాడు వెంటపడితే విధి నిర్వహణ.

ఫోను మాటలు వినడానికైనా కొంత అడ్డు ఉంది. పీయూసీఎల్ వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు ఉండాలని, దాన్ని సమీక్షా సంఘం చూడాలని చెప్పింది. ఆ అడ్డు కూడా ఎంత గట్టిదో 2024 మార్చిలో తెలంగాణ స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారుల అరెస్టులతో మొదలైన ఫోన్ ట్యాపింగు కేసులో ఆరోపణలు చూస్తే తెలుస్తుంది. పాత టవరు రికార్డులకు ఆ మాత్రం అడ్డూ లేదు. వాటిని తీసుకోవడానికి ఆచరణలో వాడేది ఒక పత్రం తెప్పించుకునే మామూలు సెక్షను. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 91, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో 94. జైట్లీ ఉదంతం తర్వాత ఎస్పీ స్థాయి అధికారి ద్వారానే అడగాలన్న మార్గదర్శకాలు వచ్చాయి. అంటే అడిగేదీ పోలీసే, సరేననేదీ పోలీసే. మేజిస్ట్రేటు ప్రమేయం లేదు. ఎవరి రికార్డు తీశారో ఆమెకు కబురు చెప్పే ఆనవాయితీ అసలే లేదు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ప్రకటించింది. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. బెయిలు మీద బయటికొచ్చిన నిందితుడు గూగుల్ మ్యాపులో తన జాడ ఎప్పుడూ పోలీసులకు కనిపించేలా ఉంచాలన్న షరతు చెల్లదని, అది గోప్యతను భంగపరుస్తుందని తీర్పిచ్చింది. మాదకద్రవ్యాల కేసులో నిందితుడికే ఈ హక్కు ఉంటే, ఏ నేరమూ చేయని స్త్రీకి ఎందుకుండదు?

2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ ప్రశ్నకు జవాబివ్వదు. ప్రభుత్వ సంస్థలను నోటిఫికేషనుతో చట్టం నుంచే మినహాయించే అధికారం 17వ సెక్షను కేంద్రానికి కట్టబెట్టింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. మరో పక్క, జీపీఎస్ ఆధారిత జాడ ఫోనులో ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలని, వాడేవాళ్లకు ఆపే వీలు ఉండకూడదని ఫోను కంపెనీల సంఘం చేసిన ప్రతిపాదన ప్రభుత్వ పరిశీలనలో ఉందని 2025 డిసెంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. ఫోన్లు తయారుచేసేవాళ్లు దాన్ని వ్యతిరేకించారు. టవరు చెప్పే కొన్ని వందల మీటర్ల తేడా కూడా వాళ్లకు ఎక్కువైపోయింది.

ఇంకో చిక్కుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. హక్కులన్నీ 'చందాదారు'కు. చందాదారు ఎవరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. ఫోను ఆమె చేతిలో ఉన్నా సిమ్ము భర్త పేరున, అన్న పేరున, కొడుకు పేరున ఉండటం మనం రోజూ చూస్తున్నదే. కాగితం మీద ఆ జాడ ఆమెది కాదు, అతనిది. ఆస్తిలోనే కాదు, ఆచూకీలో కూడా పట్టా మగవాడి పేరునే ఉంది.

మనలో ఉన్న సందేహాలు

తప్పు చేయనివాళ్లకు భయమెందుకు అని అడుగుతారు. తప్పు అంటే ఏమిటో నిర్ణయించేది ఎవరు? ఇష్టపడిన వాణ్ని పెళ్లి చేసుకోవడం, కొట్టే మొగుణ్ని వదిలేయడం, యూనియను పెట్టడం చట్టం దృష్టిలో తప్పులు కావు. ఇంటి దృష్టిలో, ఊరి దృష్టిలో, యజమాని దృష్టిలో తప్పులే. జాడ తెలిసిన చోట శిక్ష వేసేది చట్టం కాదు, వీళ్లు.

రెండో సందేహం ఇంకా బరువైనది. తప్పిపోయిన పిల్లలు, వ్యభిచార కూపాలకు అమ్ముడుపోయిన ఆడపిల్లలు టవరు జాడతోనే దొరుకుతున్నారు కదా? నిజమే, దొరుకుతున్నారు. టవర్లు కూల్చమని ఎవరూ అనడం లేదు. ఆమె పిలిస్తే పలకడం వేరు, ఆమెకు తెలియకుండా వెంబడించడం వేరు. ఆపదలో 112కు ఫోను చేస్తే ఆమె ఉన్న చోటు పోలీసులకు తెలియాలి, వెంటనే మనిషి రావాలి. మైనరు కనబడకపోతే, ఎత్తుకుపోయారన్న ఆధారం ఉంటే వెంటనే జాడ తీయాలి, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మేజిస్ట్రేటు ముందు కారణం చూపాలి. నిజాయితీగా పనిచేసే అధికారికి ఇందులో అడ్డేమీ లేదు.

మూడోది, భర్త మోసాన్ని రుజువు చేయడానికి స్త్రీలు కూడా ఈ రికార్డులు అడుగుతున్నారు. భార్యాభర్తల కేసులో మూడో మనిషి టవరు వివరాలు తెప్పించడం గోప్యతకు భంగమని 2022లో కర్ణాటక హైకోర్టు అంది. భర్తవీ, అతనితో సంబంధం ఉందని ఆరోపించిన స్త్రీవీ కాల్ రికార్డులు, టవరు వివరాలు తెప్పించడానికి 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు భార్య కోరిక మీద అనుమతించింది. ఒక భార్యకు న్యాయం జరగాలన్న ఆరాటం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ తలుపు ఒకసారి తెరిస్తే అందులోంచి ఎక్కువగా నడిచి వచ్చేది ఎవరు? లాయరుకు డబ్బు పెట్టగలిగినవాళ్లు, భార్య శీలం మీద బురద చల్లితే భరణం ఎగ్గొట్టొచ్చని తెలిసినవాళ్లు. కోర్టు పర్యవేక్షణలో, ఆ కేసుకు ఎంత అవసరమో అంతే, సీల్డు కవరులో అన్న కనీస షరతులైనా లేకుండా ఈ దారిని మనం ఆహ్వానించకూడదు.

ఏం అడగాలి, ఏం చేయాలి?

మొదటిది, టవరు జాడ తీయాలంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉండాలి. అత్యవసరమైతే ముందు తీసి తర్వాత చూపాలి, చూపలేకపోతే ఆ అధికారి మీద కేసు ఉండాలి. రెండోది, ఎవరి జాడ తీశారో ఆమెకు నిర్ణీత కాలంలో తెలియజేయాలి. మూడోది, తన గురించి కంపెనీ దగ్గర ఏముందో ఆమె అడిగి తీసుకోగలగాలి, సిమ్ము ఎవరి పేరున ఉన్నా వాడుతున్న మనిషికే ఆ హక్కు ఉండాలి. నాలుగోది, రెండేళ్లు దాచాలన్న షరతును తగ్గించాలి. దాచనిది దొంగిలించలేరు. అయిదోది, 78వ సెక్షనులో ఫోను జాడను చేర్చాలి, ఆమె జాడ అమ్మినవాణ్నీ కొన్నవాణ్నీ ఇద్దర్నీ నేరస్థులుగా చూడాలి. ఆపే వీలు లేని జీపీఎస్ ప్రతిపాదనను ఏ రూపంలో వచ్చినా తిప్పికొట్టాలి.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మేజరు స్త్రీ గురించి తప్పిపోయిందన్న ఫిర్యాదు వస్తే, ఆమె క్షేమంగా ఉందని నిర్ధారించుకుని ఆ సంగతి మాత్రమే ఇంటివాళ్లకు చెప్పాలని, ఆమె ఇష్టం లేకుండా చిరునామా చెప్పకూడదని మన జిల్లా ఎస్పీలకు సంఘాల తరఫున రాసి ఇద్దాం. స్టేషనులో 'టవర్ లొకేషన్ తీశాం' అన్న మాట వినబడగానే ఏ ఉత్తర్వుతో, ఏ క్రైం నంబరులో అని అడుగుదాం. షెల్టరు హోములకు వచ్చే స్త్రీలకు, లొకేషన్ ఆపితే చాలదని, భర్త పేరున ఉన్న సిమ్ముతో, అతను కొనిచ్చిన ఫోనుతో ఏం ప్రమాదమో విడమరిచి చెబుదాం. రక్షణ యాప్ ప్రారంభోత్సవానికి మన సంఘాలను పిలిస్తే, ఈ సమాచారం ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరెవరు చూస్తారు అన్న రెండు ప్రశ్నలు వేదిక మీదే అడుగుదాం.

ఇంటి గడప దగ్గర 'ఎక్కడికి' అన్న ప్రశ్నకు మన తల్లులు ఎన్నో అబద్ధాలు చెప్పి బడికి, పనికి, సభకు వచ్చారు. ఆ చిన్న అబద్ధాల చాటునే వాళ్లకు కాస్త స్వేచ్ఛ దొరికింది. మన కూతుళ్లకు ఆ చాటు కూడా లేకుండా చేసే యంత్రాన్ని రక్షణ అని ఒప్పుకోవద్దు. తను ఎక్కడున్నదీ చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆ ఇష్టాన్ని హక్కుగా రాయించుకునే పోరాటం ఇప్పుడే మొదలుపెట్టాలి.